మనం తిట్టిన మనిషి
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పిల్లల్ని బడికి పంపి, మగవాళ్ళ కేరియర్లు సర్ది, అమ్మయ్య అని ఒక్క నిమిషం కూర్చునే వేళ ఇది. ఈ కాస్త సమయంలో ఏ పచ్చడి సంగతో, పట్టుచీర మీద మరకల సంగతో చెబుతానని మీరు అనుకుంటూ వుండవచ్చు. ఇవాళ మాత్రం ఒక నటుడి గురించి చెప్పుకుందాం. హీరో కాదు. మీరూ నేనూ థియేటర్లో కూర్చుని మెటికలు విరిచి మరీ తిట్టిన మనిషి. కోట శ్రీనివాసరావుగారు.

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానో ముందు చెప్పాలి కదూ. పోయిన నెలలో మా పక్క వాటా ఆవిడ పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "చూశారా వదినగారూ, మావాడు ఉద్యోగం మానేస్తాడట. నటుడవుతాడట. కృష్ణానగర్లో గది కూడా మాట్లాడుకొచ్చాడు. రోజూ ఫిల్మ్ నగర్ ఆఫీసుల చుట్టూ తిరిగితే ఎవరో ఒకరు చూస్తారట. వాళ్ళ నాన్నగారు రెండు రోజుల నుంచి వాడితో మాట్లాడ్డం లేదు. మధ్యలో నేను నలిగిపోతున్నాను" అంది.

కాఫీ ఇచ్చి కూర్చోపెట్టాను. ఏం చెప్పను? వద్దని చెప్పమంటే వాడి మనసు విరుస్తున్నట్టు. వెళ్ళనివ్వమంటే, రేపు వాడికి వేళకింత అన్నం దొరక్కపోతే ఆ ఉసురు నాకు తగుల్తుంది. అందుకని సలహా అంటూ ఏమీ ఇవ్వలేదు. ఆవిడకి కోటగారి కథ చెప్పాను. అదే ఇవాళ మీకూ చెబుతున్నాను. ఏం చెయ్యాలన్నది కథ విన్నాక ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

శ్రీనివాసరావుగారు 1942 జూలై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తండ్రి డాక్టరు. కొడుకు కూడా డాక్టరు కావాలని ఆ ఇంట్లో అనుకోవడం సహజమే. కుర్రవాడికీ మొదట ఆ కోరికే వుండేదట. అది జరగలేదు. బి.యస్సీ. చదివి, స్టేట్ బాంకులో ఉద్యోగంలో చేరారు. అయితే చిన్నతనం నుంచీ నాటకాల పిచ్చి. ఆ ఇంట్లో ఆ పిచ్చి ఒక్కరితో ఆగలేదు లెండి. తమ్ముడు కోట శంకరరావుగారు కూడా నటులే.

నాటకమంటే ఇప్పటి పిల్లలకి బళ్ళో వార్షికోత్సవం రోజున వేసేదని మాత్రమే తెలుసు. ఆ రోజుల్లో సంగతి వేరు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లోనే తెనాలిలో పుట్టింది. ఆ తర్వాత ఊరూరా పరిషత్తులు వెలిశాయి. పోటీలు పెట్టేవారు. బాంకుల్లో, రైల్వేలో, కరెంటాఫీసులో పని చేసేవాళ్ళు సాయంత్రం అయిదు దాటగానే ఏ స్నేహితుడి డాబా మీదో, మూసేసిన ఏ బడి గదిలోనో చేరి రిహార్సలు చేసేవారు. చేతి డబ్బు పెట్టుకుని, సెలవు పెట్టుకుని, గోనెసంచుల్లో సామాను వేసుకుని పోటీలకు పోయేవారు. గెలిస్తే ఒక షీల్డు. ఓడితే అదీ లేదు. ఆ సెలవు రోజుల్లో ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తే పుట్టింటి వాళ్ళకో, పొరుగింటి వాళ్ళకో కబురు పెట్టుకున్న ఇల్లాళ్ళు ఎంతమందో! షీల్డుల మీద వాళ్ళ పేర్లు లేవు గాని, తెలుగు నాటకం బతికిందంటే సగం వాళ్ళ చలవే.

ఇంత శ్రమ పడితే నటుడికి దక్కేదేమిటి? మూడు సంగతులు దక్కుతాయి. మొదటిది గొంతు. హాల్లో చిట్టచివరి బెంచీ మీద కూర్చున్న మనిషికి కూడా గుసగుస వినపడాలి. అరవకుండా గుసగుస వినిపించడం నేర్చుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. రెండోది జ్ఞాపకం. గంటన్నర నాటకం మొదటి మాట నుంచి చివరి మాట దాకా కంఠతా రావాలి. తప్పితే మళ్ళీ తీద్దామనడానికి అక్కడ కెమెరా లేదు. మూడోది ఎదుటివాడి మాట వినడం. తన వంతు కోసం ఎదురు చూస్తూ నిలబడే నటుణ్ణి ప్రేక్షకులు ఇట్టే పసిగడతారు. విని, విన్నదానికి ముఖంలో మార్పు తెచ్చి, అప్పుడు మాట్లాడాలి. కోటగారి సినిమా ఏదైనా మరోసారి చూడండి. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు ఈయన్ని గమనించండి. సగం నటన అక్కడే కనిపిస్తుంది.

పగలు ఉద్యోగం, రాత్రి నాటకం అన్న ఈ పద్ధతి మన తెలుగువాళ్ళకే వుందనుకోకండి. ఇంగ్లండులో లెనార్డ్ రోసిటర్ అని గొప్ప హాస్యనటుడు వుండేవాడు. 1926లో లివర్‌పూల్‌లో పుట్టాడు. యుద్ధంలో తండ్రి పోయాడు. తల్లిని చూసుకోవాలి గనక పైచదువు మానుకుని బీమా కంపెనీలో గుమాస్తాగా చేరాడు. సాయంత్రాలు ఔత్సాహిక నాటకాలు. దాదాపు ఇరవై ఏడేళ్ళు వచ్చాక గాని ఉద్యోగం వదిలి నాటక కంపెనీలో చేరలేదు. వారం వారం కొత్త నాటకం వేసే చిన్న ఊరి కంపెనీ అది. తర్వాత రంగస్థలం మీద పిసినారి ఇంటివాడి వేషం ఒకటి వేశాడు. ఆ నాటకాన్నే టెలివిజన్ వాళ్ళు 'రైజింగ్ డాంప్' అనే సీరియల్‌గా తీశారు. 1974 నుంచి 1978 దాకా నడిచింది. చెమ్మెక్కిన గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్ళ బతుకుల్లో తల దూర్చే రిగ్స్‌బీ అన్న ఆ ఇంటివాణ్ణి చూసి ఆ దేశమంతా నవ్వింది. 1984లో లండన్‌లో ఒక నాటకం జరుగుతుండగా, తన సన్నివేశం కోసం తెర వెనక వేచి వుండి, అక్కడే గుండె ఆగి పోయాడు. యాభై ఏడేళ్ళు.

అక్కడ బీమా గుమాస్తా, ఇక్కడ బాంకు ఉద్యోగి. అక్కడ నాటకం టెలివిజన్‌కెక్కితే ఇక్కడ నాటకం సినిమాకెక్కింది. పైగా ఇద్దరికీ పిసినారి వేషమే పెద్ద పేరు తెచ్చింది. చూశారూ, సముద్రాలు దాటినా నటుల జాతకాలు ఎలా కలుస్తాయో!

మన వైపు ఆ నాటకం పేరు 'ప్రాణం ఖరీదు'. సి.యస్. రావుగారు రాశారు. కోటగారు అందులో వేషం వేశారు. నాటకాన్ని నిర్మాత క్రాంతికుమార్‌గారు చూసి సినిమాగా తీయాలనుకున్నారు. నాటకంలో వున్నవాళ్ళని సినిమాలోకి కూడా తీసుకున్నారు. కె. వాసుగారి దర్శకత్వంలో అది 1978లో విడుదలయింది. ప్రేక్షకులకు చిరంజీవి మొదటిసారి కనిపించిన సినిమా కూడా అదే. ఒకే సినిమాతో ఇద్దరు మొదలుపెట్టారు. ఒకరు కొద్దికాలంలోనే హీరోగా నిలబడ్డారు. రెండోవారికి జనం నోట పేరు పడడానికి మరో ఏడేళ్ళు పట్టింది.

ఆ ఏడేళ్ళ సంగతే మా పక్క వాటా ఆవిడకి నొక్కి చెప్పాను. తెరమీద బొమ్మ పడింది కదా అని ఆయన మర్నాడే రాజీనామా రాసి పారేసి మద్రాసు రైలెక్కలేదు. అప్పటికి ఆయన వయసు ముప్ఫయ్యారు. ఇల్లూ, సంసారం వున్న మనిషి. ఒకటో తారీఖు జీతమంటే ఏమిటో ఆయనకీ తెలుసు.

1985 వచ్చింది. ఆ ఏడు టి. కృష్ణగారి 'ప్రతిఘటన' విడుదలయింది. మనలో చాలామందికి గుర్తుండే సినిమా. లెక్చరరు ఝాన్సీగా విజయశాంతి. నడివీధిలో జరిగిన అన్యాయానికి నోరు విప్పినందుకు ఆవిడకు జరిగిన అవమానం, క్లాసులో విద్యార్థుల ముందు ఆవిడ నిలబడ్డ తీరు చూసి హాల్లో ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ సినిమాలో గూండాలతో రాజకీయం నడిపే మంత్రి కాశయ్య మన కోటగారు. అప్పటిదాకా తెలుగు సినిమా విలన్ అంటే కోటు తొడుక్కుని, పైపు పీలుస్తూ, చుట్టూ మెరిసే దీపాలు పెట్టుకుని కూర్చునేవాడు. ఈ మనిషి ఖద్దరు కట్టుకుని, వరండాలో కూర్చుని, పలకరింపుగా నవ్వుతూ మాట్లాడాడు. పరాయి గ్రహం నుంచి వచ్చినవాడిలా లేడు. మన వార్డులో ఓట్లడగడానికి వచ్చేవాడిలా వున్నాడు. అందుకే భయం వేసింది. మా అత్తగారు ఆ రోజు థియేటర్లోనే, "వీడి నోట్లో మన్నుపడ" అని పైకే అనేశారు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూసి, నవ్వి, మళ్ళీ తెరకేసి తిరిగి తామూ అదే మాటన్నారు. నటుడికి ఇంతకంటె సన్మానం ఏముంది చెప్పండి?

కాశయ్య తెలంగాణ యాసలో మాట్లాడతాడు. ఇక్కడ ఒక ముల్లు వుంది, దాన్ని దాటేసి పోకూడదు. మా వియ్యపురాలిది వరంగల్లు. ఈ సినిమా మాట వచ్చినప్పుడల్లా ఆవిడ ఒక మాటంటుంది. "గొప్పగ జేసిండు, కాదనను వదినా. కని సిన్మల రౌడి మాట్లాడితే మా బాస, నౌకరోడు మాట్లాడితే మా బాస. హీరో తల్లి మాట్లాడితే మాత్రం మీ బాసనే ఎందుకయితది?" అని. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఏళ్ళ తరబడి మన సినిమా ఒక ప్రాంతం వాళ్ళ ఇంటి పలుకును విలన్లకీ, హాస్యగాళ్ళకీ పంచిపెట్టింది. తల్లి నోట విన్న భాష తెరమీద ఎప్పుడూ చెడ్డవాడి నోట వింటే పిల్లలకి ఎలా వుంటుంది? ఆ బాధ పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2017లో 'ఫిదా'లో కథానాయికే ఆ యాసలో మాట్లాడింది. 2023లో 'బలగం'లో ఒక ఊరు ఊరంతా అదే పలుకుతో మనల్ని ఏడిపించింది.

అయితే కోటగారి వంతు న్యాయం ఆయనకీ చెయ్యాలి. కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషి. ఆ యాసను వెక్కిరింపుగా పలకలేదు. నాలుగు మాటలు అతికించి నవ్వించే పని చెయ్యలేదు. ఆ మనిషి అన్నం తినేటప్పుడూ, కోపం వచ్చినప్పుడూ, బేరమాడేటప్పుడూ ఎలా మాట్లాడతాడో అలా పలికాడు. సినిమాలో ఇది మరీ కష్టం. షూటింగులో ఒకసారి చెప్పిన మాటను తర్వాత డబ్బింగ్ థియేటర్లో చీకట్లో నిలబడి, తెరమీద తన పెదవులనే చూసుకుంటూ మళ్ళీ చెప్పాలి. కోపం మళ్ళీ తెచ్చుకోవాలి, నవ్వు మళ్ళీ తెచ్చుకోవాలి. భాష మీద పట్టు లేనివాడు అక్కడ దొరికిపోతాడు. తర్వాతి కాలంలో 'మనీ' సినిమాలో అల్లాద్దీన్ గా హైదరాబాదు గల్లీ మాట అంతే ధీమాగా పలికారాయన.

కాశయ్య వచ్చిన రెండేళ్ళకి, అంటే 1987లో, అందరినీ తిట్టించిన ఈ మనిషే అందరినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట'. ఆదివిష్ణుగారి 'సత్యంగారి ఇల్లు' నవల ఆధారంగా తీసింది. రామానాయుడుగారు నిర్మాత. అందులో పరమ పిసినారి లక్ష్మీపతి. బట్ట అరిగిపోతుందని ఒంటికి వార్తాపత్రిక చుట్టుకునే లక్ష్మీపతి. చూరుకి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం లొట్టలు వేసుకుంటూ తినే లక్ష్మీపతి. ఆయన దగ్గర పని చేసే అరగుండుగా బ్రహ్మానందం. ఆ సినిమా తర్వాత ఎన్నిళ్ళల్లో భర్తలకి లక్ష్మీపతి అని పేరు పెట్టారో లెక్కలేదు. మా ఇంట్లో కూడా కరెంటు బిల్లు వచ్చిన రోజున ఆ పేరు వినపడుతూనే వుంటుంది.

ఒక చిన్న సంగతి గమనించండి. ఆ వేషంలో కోటగారు ఎక్కడా నవ్వరు. తాను చేస్తున్నది వింత పని అని లక్ష్మీపతికి తెలియదు. దుబారా చేసే లోకాన్ని చూసి అతను నిజంగా బాధపడతాడు. అందుకే మనకు నవ్వొస్తుంది. నేను నవ్విస్తున్నాను చూడండి అని నటుడు మనవైపు చూసి వుంటే ఆ కోడి దృశ్యం ఇన్నేళ్ళు నిలిచేది కాదు.

హీరోకీ, కారెక్టర్ నటుడికీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. హీరో ప్రతి సినిమాలోనూ హీరోలానే వుండాలి. జనం టికెట్టు కొనేది అందుకే. కారెక్టర్ నటుడు నిన్నటి మనిషిలా వుంటే కుదరదు. కోటగారు 1993లో 'గాయం'లో గురునారాయణ అన్న రాజకీయ నాయకుడు. మరుసటి ఏడు 'హలో బ్రదర్'లో నవ్వించే పోలీసు తాడి మట్టయ్య. 1998లో 'గణేష్'లో కడుపు మండించే మంత్రి. ఆ పదేళ్ళలోనే బాబూమోహన్ తో కలిసి చేసిన జంట హాస్యం పల్లెటూళ్ళలో పిల్లలు కూడా అనుకరించేవారు. 2003లో తమిళంలో 'సామి' చేసి అక్కడా విలన్ గా పేరు తెచ్చుకున్నారు. 2004లో 'ఆ నలుగురు'లో వడ్డీ డబ్బు తప్ప మరో దేవుణ్ణి ఎరగని కోటయ్య. 2006లో 'బొమ్మరిల్లు'లో హాసినికి తండ్రి. కూతురి మీద ప్రేమ, నోటి దురుసు రెండూ వున్న మామూలు తండ్రి. మొత్తం మీద 750కి పైగా సినిమాలు, తొమ్మిది నంది బహుమతులు. 2015లో పద్మశ్రీ. మధ్యలో 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పు నియోజకవర్గం నుంచి శాసనసభ్యులు కూడాను. తెరమీద అన్నిసార్లు దుర్మార్గపు నాయకుడిగా కనిపించినా జనం ఓటేశారంటే, వేషం వేరు మనిషి వేరు అని మన వాళ్ళకు బాగా తెలుసన్న మాట.

ఇక ఆ ఫిల్మ్ నగర్ సంగతి కాస్త చెప్పుకోవాలి. పక్క వాటా అబ్బాయి అక్కడికే కదా పోతానంటున్నాడు. తెలుగు సినిమా పుట్టి పెరిగింది చాలా వరకు మద్రాసులో. హైదరాబాదులో అమీర్‌పేట దగ్గర సారథి స్టూడియో 1950లలో వచ్చింది. పూర్తిగా ఇక్కడే తీసిన మొదటి తెలుగు సినిమా 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1960లలోనే మకాం ఇక్కడికి మార్చారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలయింది. అప్పుడు ఆ వైపంతా బండరాళ్ళూ, సీతాఫలం పొదలూను. చీకటి పడితే ఆటోవాళ్ళు రామనేవారు. క్రమంగా కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియో వచ్చాయి. సినిమావాళ్ళ గృహనిర్మాణ సంఘం వచ్చింది, ఇళ్ళు లేచాయి. ఫిల్మ్ చాంబర్ వచ్చింది. కొండమీద దైవసన్నిధానం గుడి వచ్చింది. జూబిలీ హిల్స్ అంటే ఇప్పుడు గజం ధర చెబితే కళ్ళు తిరుగుతాయి గాని, ఆ ఊరికి పునాది రాళ్ళు మోసినవాళ్ళలో లైట్ బాయ్‌లు, మేకప్ వాళ్ళు, కుట్టుపనివాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు కూడా వున్నారు. వాళ్ళలో చాలామంది వుండేది కొండకింద కృష్ణానగర్ ఇరుకు గదుల్లో. కొండమీద ఒక లోకం, కొండకింద ఒక లోకం. మధ్యనున్న దారి కాలినడకకి దగ్గరే. ఆ ఎక్కడం మాత్రం కొందరికి ముప్ఫై ఏళ్ళు పడుతుంది, చాలామందికి ఎప్పటికీ పూర్తి కాదు.

పరిశ్రమ హైదరాబాదు రావడం వల్ల కోటగారి వంటి రంగస్థలం వాళ్ళకు గొప్ప మేలు జరిగింది. రవీంద్రభారతిలో నాటకం వేసే మనిషికి స్టూడియో కూడా అదే ఊళ్ళో దొరికింది. ఇల్లూ వాకిలీ వదిలి మద్రాసు పోనక్కరలేకపోయింది. ఆ ఫిల్మ్ నగర్లోనే ఆయన స్థిరపడ్డారు.

సుఖమంతా చెప్పి కష్టం దాచడం న్యాయం కాదు. 2010లో ఆయన ఒక్కగానొక్క కొడుకు హైదరాబాదులో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ అబ్బాయీ అప్పుడప్పుడే సినిమాల్లో వేషాలు మొదలుపెట్టాడు. తలకొరివి పెట్టవలసిన కొడుకుకి తండ్రే ఆ పని చెయ్యవలసి రావడం... ఆ దుఃఖం గురించి నేను మాటలు పేర్చలేను. ఇద్దరు కూతుళ్ళున్నారు. కొంత కాలానికి ఆయన మళ్ళీ ముఖానికి రంగు వేసుకుని కెమెరా ముందుకు వచ్చారు. 2012లో 'గబ్బర్ సింగ్'లో పాట కూడా పాడారు. అది చూసి మనం ఈలలు వేశాం. ఇంటికి వెళ్ళి రంగు కడుక్కున్నాక ఆయన ఎలా వున్నారో మనకెవరికీ పట్టలేదు. నటన అంటే ఒక్కొక్కప్పుడు ఇంత కర్కశమైన ఉద్యోగం.

పెద్దతనంలో ఆయనకు ఇంకొక బాధ వుండేది. దాన్ని దాచుకోలేదు, సభల్లో, టెలివిజన్ ముఖాముఖీల్లో బాహాటంగానే చెప్పేవారు. మనకు ఇంతమంది తెలుగు నటులుండగా, తెలుగు రాని వాళ్ళని పరాయి రాష్ట్రాల నుంచి తెచ్చి, వేరొకరి గొంతు అతికించి విలన్ వేషాలు ఇవ్వడమేమిటని ఆయన ప్రశ్న. కొందరికి ఆ మాట నచ్చలేదు. ఆయన స్వయంగా తమిళంలో చేశారు కదా, హిందీలో 'సర్కార్'లో చేశారు కదా అన్నారు. కళకు సరిహద్దులు గీయలేం, నిజమే. కానీ భాష వచ్చినవాడి నోటి మాటకీ, పెదవులు మాత్రం ఆడించేవాడి ముఖానికీ తేడా మనం వంటింట్లో నుంచి టీవీ వింటూనే పోల్చుకోగలం. ఈ వాదంలో ఎవరు గెలిచారో నేను చెప్పను గాని, ఆయన అడిగిన ప్రశ్న వెనకాల పని దొరకని రంగస్థల నటులు ఎందరో వున్నారని మాత్రం గుర్తు పెట్టుకోవాలి.

2025 జూలై 10న ఆయనకు ఎనభై మూడేళ్ళు నిండాయి. మూడో రోజున, జూలై 13 తెల్లవారుజామున, ఫిల్మ్ నగర్లోని తమ ఇంట్లో కన్నుమూశారు. ఆ రోజే జూబిలీ హిల్స్ మహాప్రస్థానంలో అంత్యక్రియలు జరిగాయి. మరుసటి నెలలోనే ఆయన శ్రీమతి కూడా వెళ్ళిపోయారు. ఆ వారమంతా టీవీలో ఆయన సినిమాలే. మా అత్తగారు ఇప్పుడు లేరు. వుండి వుంటే కాశయ్యని మళ్ళీ తిట్టి, ఆ తిట్టిన నోటితోనే "పాపం, మంచి నటుడే" అని కళ్ళొత్తుకుని వుండేవారు.

ఇదంతా విన్నాక మా పక్క వాటా ఆవిడ, "మరి మావాడికి ఏమని చెప్పమంటారు?" అని మళ్ళీ మొదటికే వచ్చింది. అప్పుడు నేనన్నది ఇదే. నటన మోజు తప్పు కాదు. దాన్ని తిట్టి చంపొద్దు. కానీ నటన నేర్చుకోవడానికి ఉద్యోగం మానాల్సిన పని లేదు. ఈ ఊళ్ళో ఇప్పటికీ సాయంత్రాలు రిహార్సల్ చేసే నాటక సమాజాలున్నాయి. ముందు అక్కడ చేరమనండి. కుర్చీలు సర్దనివ్వండి, ఇతరుల మాటలు విననివ్వండి, నాలుగు మాటల వేషం వెయ్యనివ్వండి. రెండేళ్ళయ్యాక కూడా ఆ ఆకలి అలాగే వుంటే అప్పుడు ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. పేరు మీద మోజయితే ఆ రెండేళ్ళలో అదే పోతుంది. పని మీద ప్రేమయితే మీరు ఆపినా ఆగదు. వాళ్ళ నాన్నగారితో మాత్రం ఇవాళే మాట్లాడించండి, ఇంట్లో ఎడమొహం పెడమొహం దేనికీ మందు కాదు అన్నాను.

పోయిన ఆదివారం ఆ అబ్బాయి ఒక నాటకంలో ముసలి జవాను వేషం వేశాడు. ఉన్నవి మూడే మాటలు. నన్నూ తీసుకువెళ్ళారు. హాలు సగం ఖాళీ. ఫాను కిర్రుమంటోంది. మూడో మాటకి వాడి గొంతు వెనక బెంచీ దాకా వచ్చింది. పక్కన కూర్చున్న వాళ్ళ నాన్నగారు చప్పట్లు కొట్టలేదు గాని, తెర పడ్డాక, "ఒరే, రెండో మాట మింగేశావురా" అన్నారు. వాడు తలూపి, మరునాడు మామూలుగా ఉద్యోగానికి వెళ్ళాడు.

రేపు వాడు ఏమవుతాడో నాకు తెలియదు. మీ ఇంట్లోనూ ఇలాంటి అబ్బాయో, అమ్మాయో వుంటే ఇవాళ రాత్రి అన్నాలయ్యాక అందరూ కూర్చుని 'అహ నా పెళ్ళంట' మరొకసారి చూడండి. నవ్వుకోవడం అయ్యాక, ఆ పిసినారి వెనక పరిషత్తు నాటకాలు, బాంకు ఉద్యోగం, ఏడేళ్ళ ఓపిక వున్నాయని పిల్లలకు చెప్పండి.

ఇక వుంటాను. సెలవు.